మాను పసుపు: కొండమీది ముళ్లపొద



ఈ పూట నేను వరిని గూర్చి గాని, వేరుశనగను గూర్చి గాని చెప్పబోవడం లేదు. మన పొలాల్లో మొలవని, మనలో చాలామంది కంటితో చూడని ఒక ముళ్లపొదను గురించి చెప్పదలచాను. “చూడని మొక్కతో మనకేం పని?” అని మీరడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ మొక్క మన ఊరికి రాకపోయినా దాని వేరు మాత్రం పొట్లాలలో మన మూలికల కొట్లకు వస్తూనే ఉన్నది. మనం దానిని మాను పసుపు అంటాము. సంస్కృతంలో దారుహరిద్ర. దారువు అంటే కర్ర, హరిద్ర అంటే పసుపు. కొమ్ము పసుపు కాదు, కర్ర పసుపు అన్నమాట.

నాకు ఈ మొక్క మీదికి మనసు పోవడానికి ఒక కారణం ఉన్నది. ముందు అది చెబుతాను.

మాది నల్లమల అంచున ఉన్న మండలం. ఒకనాడు పొలంబడి ముగించుకొని వేపచెట్టు క్రింద కూర్చున్నాము. ఒక పెద్దాయన పైగుడ్డ కొంగు విప్పి నాలుగు పచ్చటి కర్రముక్కలు నా చేతిలో పెట్టాడు.

“బాబూ, మీరు చదువుకున్నవారు. ఇది అసలైన మాను పసుపేనా? కొట్టాయన అవునంటున్నాడు” అన్నాడు.

“ఎందుకు పెద్దాయనా?” అని అడిగాను.

“మనమరాలు పుట్టి ఎనిమిది రోజులైంది. ఒళ్లంతా పచ్చబడింది. పచ్చకామెర్లకు పచ్చకర్రే మందంటారు గదా! దీన్ని అరగదీసి నాలుగు చుక్కలు నోట్లో పోద్దామని.”

నేను డిప్లొమా చదివినవాణ్ణి. పైరుకు వచ్చిన తెగులు చెప్పగలను గాని పసిబిడ్డకు వచ్చిన జబ్బు చెప్పలేను. ఆ కర్ర మంచి చేస్తుందో చెడు చేస్తుందో కూడా నాకప్పుడు తెలియదు. తెలియనప్పుడు చేయవలసిన పని ఒకటే. “ముందు బిడ్డను డాక్టరుగారికి చూపిద్దాము. ఈ పొట్లం అంతదాకా నా దగ్గర ఉండనీ” అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రమే తల్లీబిడ్డలను ఆస్పత్రికి తీసుకువెళ్లారు. బిడ్డను నీలపు దీపాల క్రింద ఉంచారు. కొద్దిరోజులకు ఇంటికి వచ్చింది. ఇప్పుడు గడప పట్టుకొని నడుస్తున్నది.

ఆ పొట్లం చూచి డాక్టరుగారు చెప్పిన మాట ఏమిటో తరువాత చెబుతాను. ముందు ఆ కర్ర ఎక్కడిది, అది పుట్టినచోట దానిని ఎట్లా వాడుకుంటారు, అది తెలుసుకుందాము.

నేను ఒకసారి శిక్షణకోసం పంత్‌నగర్ వెళ్లినప్పుడు, సెలవు దొరికితే కొండ ఎక్కి అల్మోరా వైపు పోయాను. అది కుమావూ ప్రాంతం. దారి ప్రక్కన, గట్ల మీద, మెట్టు పొలాల అంచున ఎక్కడ చూచినా ఒక ముళ్లపొద కనిపించింది. దానిని అక్కడివారు కిల్మోడా అంటారు. గఢ్వాల్ వారు కింగోడ్ అంటారు. హిమాచల్‌లో కశ్మల్, నేపాలులో చుత్రో. ఈ పేర్లన్నీ ఒక్క మొక్కవి కావు. ఒకే కుటుంబంలోని అన్నదమ్ముల వంటి అనేక రకాలను ఆ పేర్లతో పిలుస్తారు. వాటిలో మన వైద్య గ్రంథాలు దారుహరిద్ర అని ప్రధానంగా చెప్పేది సుమారు 1,800 మొదలు 3,000 మీటర్ల ఎత్తున పెరుగుతుంది. మరి కొన్ని రకాలు ఇంకా దిగువన కూడా ఉంటాయి.

పొద 2, 3 మీటర్ల ఎత్తు ఉంటుంది. ఆకు దళసరిగా, అంచున ముళ్లపళ్లతో ఉంటుంది. ఆకు మొదట త్రిశూలం మాదిరి మూడు పాయల ముల్లు. వసంతకాలంలో పసుపుపచ్చని పూలు గుత్తులుగా వ్రేలాడతాయి. ఎండాకాలం ముదిరేసరికి కాయలు పండి ముదురు ఊదారంగుకు వస్తాయి. పైన ద్రాక్షపండు మీద ఉండేటట్లు తెల్లటి పూత ఉంటుంది. పండు చిన్నది, మన బలుసుపండంత. పులుపూ తీపీ కలిసిన రుచి. బెరడు గీరితే లోపల కర్ర పచ్చగా ఉంటుంది. వేరు ఇంకా పచ్చన. నాలుకకు తగిలిస్తే చేదు.

ఇక వాడుకలు.

మొదటిది పండు. కొండ పిల్లలకు బడి దారిలో ఇదే చిరుతిండి. మన పిల్లలు రేగుపండ్లకు ఎగబడినట్లు వాళ్లు కిల్మోడాకు ఎగబడతారు. చేతులు, పెదవులు ఊదారంగు చేసుకొని ఇంటికి పోతారు. పండు ఎక్కువ రోజులు నిలువ ఉండదు. అందుచేత కొన్నిచోట్ల ఎండబెట్టి ద్రాక్షవలె దాచుకుంటారు. ఇదే కుటుంబంలోని వేరొక మొక్క పండును ఇరాన్ దేశస్థులు తోటలు వేసి పండిస్తారు. ఎండబెట్టి అన్నంలో పులుపుకోసం కలుపుకుంటారు. అక్కడ దాని పేరు జెరెష్క్. కనుక ఈ పండు పిల్లల ఆటకే గాని అంగడికి పనికిరాదు అనుకోరాదు. ఇంట్లో ఎండబెట్టేవారు ఉంటే అడవి పండు కూడా నాలుగు రూపాయలు తెస్తుంది.

రెండవది కంచె. కొండ పొలాలకు పశువుల బెడద ఎక్కువ. గట్టు మీద కిల్మోడా వరుసగా ఉంటే మేక కూడా ముందుకు రావడానికి జంకుతుంది. ఎండిన కొమ్మలను కొట్టి దడిగా కూడా పెడతారు. మనం తుమ్మకంప వాడుకున్నట్లే. అంతేకాదు. ఆ ముళ్ల నీడలో పడిన విత్తనానికి రక్షణ ఉంటుంది. పశువు నోరు పెట్టలేదు గనుక పొద మధ్య మొలిచిన చెట్టు మొక్క బ్రతికి బయటపడుతుంది. వాలు నేలలో దాని వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. వర్షాకాలంలో కొండచరియ జారితే ఏమవుతుందో అక్కడివారికి ఎవరూ నేర్పనక్కర లేదు.

మూడవది రంగు. వేరునూ కర్రనూ ముక్కలుగా కొట్టి మరగబెడితే చక్కని పసుపు రంగు దిగుతుంది. ఉన్నికి, బట్టకు ఆ రంగు వేసేవారు. తోళ్లు పదును చేయడానికి కూడా వాడేవారు. ఆ పచ్చదనానికి కారణం బెర్బెరిన్ అనే పదార్థం. రంగూ అదే, చేదూ అదే, మందు గుణమూ ముఖ్యంగా అదే. ఈ పేరు గుర్తుంచుకోండి. మళ్లీ అవసరం వస్తుంది.

నాలుగవది వంటచెరకు. ఎండుపుల్ల బాగా మండుతుంది. ఇంతకు మించి దానిని గూర్చి చెప్పవలసినది లేదు.

అయిదవది, అన్నిటికంటె పేరుపడినది, మందు. వేరునూ, మొదలు కర్రనూ చిన్నముక్కలు చేసి నీళ్లలో చాలాసేపు కాచి, వడగట్టి, ఆ కషాయాన్ని మళ్లీ చిన్నమంట మీద చిక్కబడేదాకా మరగబెడతారు. చివరకు నల్లబెల్లం పాకం మాదిరి గోధుమ నలుపు ముద్ద మిగులుతుంది. హిందీవారు దానిని రసౌత్ అంటారు. మన వైద్యులు రసాంజనం అంటారు. ఆయుర్వేద పద్ధతిలో కషాయానికి సమంగా మేకపాలు చేర్చి చిక్కబరచడం కూడా ఉన్నది. అంజనం అన్న పేరులోనే ఉన్నది గదా, అది కంటి మందు. కండ్లకలకకు రసౌత్‌ను పటిక, వెన్న వంటి వాటితో కలిపి కనురెప్పల మీద పట్టు వేసేవారు. మొలలకు, గజ్జికి, మానని పుండ్లకు, విరేచనాలకు కూడా వాడేవారు. చరక సంహితలో మొలలను, దురదను పోగొట్టే మూలికల జాబితాలలో దారుహరిద్ర ఉన్నది.

ఇది మన దేశంలోనే ఆగిపోయిన మందు కాదు. సుమారు రెండువేల ఏండ్ల క్రిందట, ఎర్ర సముద్రం మీదుగా మన దేశంతో వ్యాపారం చేసిన ఒక గ్రీకు వర్తకుడు వ్రాసిన పుస్తకంలో, సింధునది ముఖద్వారపు రేవునుంచి, భరుకచ్ఛం రేవునుంచి ఎగుమతి అయ్యే సరకులలో లైకియం అనే మందు పేరు కనిపిస్తుంది. భరుకచ్ఛం అంటే ఇప్పటి గుజరాత్‌లోని భరూచ్. ఆ లైకియం ఏమిటో చాలాకాలం యూరపువారికి అంతుపట్టలేదు. సహరాన్‌పూర్ వృక్షతోటను చూచిన జాన్ ఫోర్బ్స్ రాయిల్ అనే శాస్త్రజ్ఞుడు 1833లో, అది మన కొండలవారు వండే రసౌతే అని తేల్చి చెప్పాడు. చూడండి, కొండమీద ఒక గృహస్థు పొయ్యి మీద కాచిన ముద్ద ఓడలెక్కి ఎంతదూరం పోయిందో!

అట్లని రసౌత్ దొరికిందిగదా అని ఇంట్లో కలిపి కంట్లో వేసుకోకండి. వెనుకటివారికి వేరే దారి లేదు. ఇప్పుడు మనకు కంటి డాక్టరు ఉన్నారు. చేతి మురికితో, కొట్టు దుమ్ముతో కలిసిన ముద్ద కంటికి మేలుకంటె కీడే ఎక్కువ చేస్తుంది.

ఇక డాక్టరుగారు చెప్పిన మాట.

అప్పుడే పుట్టిన బిడ్డల రక్తంలో బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థం ఎక్కువగా ఉంటుంది. లేత కాలేయం దానిని త్వరగా బయటికి పంపలేదు. అందుకే ఒళ్లు పచ్చబడుతుంది. ఆ బిలిరుబిన్ రక్తంలో ఒక మాంసకృత్తిని పట్టుకొని, బండి ఎక్కిన బస్తావలె, కాలేయానికి చేరాలి. బెర్బెరిన్ వచ్చి ఏం చేస్తుందంటే, ఆ బస్తాను బండిలోనుంచి క్రిందికి త్రోసి తాను ఎక్కి కూర్చుంటుంది. దారిన పడిన పచ్చ పదార్థం మెదడులోకి చేరవచ్చు. చేరితే బిడ్డకు చెవుడు రావచ్చు, కాళ్లు చేతులు స్వాధీనం తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. పచ్చకామెర్లకు పచ్చకర్ర మందు అనుకున్నాడు మా పెద్దాయన. పసిబిడ్డ విషయంలో అది సరిగ్గా తలక్రిందులు. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ కూడా మాను పసుపు లోపలికి పుచ్చుకోరాదు. మధుమేహానికో మరొకదానికో రోజూ మందు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా దీనిని జతచేయరాదు.

ఇది మందును నిందించడం కాదు. అనుభవజ్ఞుడైన వైద్యుడు పెద్దవారికి మోతాదు చూచి ఇవ్వడం వేరు. ఎనిమిది రోజుల పిల్లకు మనం అరగదీసి పోయడం వేరు. పురుగుమందును ఎకరాకు ఇంత అని కొలిచి వేస్తాము గదా! పసిబిడ్డకు కొలతలేని మందు ఎట్లా పోస్తాము?

ఇంకొక మాట. మా పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్నకు, అనగా “ఇది అసలైనదేనా?” అన్నదానికి, జవాబు చెప్పవలసి ఉన్నది. దక్షిణ దేశపు మూలికల కొట్లలో మాను పసుపు పేరుతో చాలాసార్లు అమ్మేది హిమాలయపు పొద కాదు. పడమటి కనుమల అడవులలో, సింహళంలో పెరిగే ఒక పెద్ద అడవితీగ. అరవవారు దానిని మరమంజళ్ అంటారు. అది మన తిప్పతీగ కుటుంబానికి చెందినది. దానిలోనూ బెర్బెరిన్ ఉన్నది గనుక పచ్చదనమూ చేదూ ఒకటే. అడ్డంగా కోసి చూస్తే తీగలో నడిమధ్య నుంచి బండిచక్రపు ఆకులవలె వెడల్పు చారలు, నడుమ రంధ్రాలు కనిపిస్తాయి. హిమాలయపు కర్ర గట్టిగా, దట్టంగా ఉంటుంది. ఏది అయినా పసిబిడ్డకు ఇవ్వరాదన్న మాట రెండింటికీ వర్తిస్తుంది. ఆ తీగ అడవులలో ఎంతగా తరిగిపోయిందంటే, 1998లో కేంద్ర ప్రభుత్వం అడవినుంచి తెచ్చి ఎగుమతి చేయరాదని ప్రకటించిన మొక్కల పట్టికలో, మన ఎర్రచందనంతోపాటు దానినీ చేర్చవలసి వచ్చింది.

విస్తరణ ఉద్యోగులలో కొందరికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. “ఈ పొద గోధుమకు శత్రువు గదా, దీనిని పీకివేయమనాలి గాని పొగడవచ్చునా?” అని. ఆ మాటకు ఆధారం ఉన్నది. గోధుమకు వచ్చే నల్ల కుంకుమ తెగులు శిలీంద్రం తన జీవితంలో ఒక భాగం గోధుమ మీద, ఒక భాగం ఈ కుటుంబపు పొదల మీద గడుపుతుందని 1865లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ ఋజువు చేశాడు. అమెరికాలో 1918 మొదలు ఆ పొదలను ఊరూరా వెదకి పీకించారు. వారి దేశంలో అది సరి అయిన పని.

మన దేశంలో పరిస్థితి వేరని ఆగ్రాలో పనిచేసిన ఆచార్య కె. సి. మెహతా ఏండ్ల తరబడి పరిశోధించి చూపించాడు. మన మైదానాలలో ఎండాకాలపు వేడికి ఆ తెగులు చస్తుంది. చల్లని కొండలలో, కోతలో రాలి తానే మొలిచిన గోధుమ మొక్కల మీద అది బ్రతికి, మళ్లీ గాలితో క్రిందికి వస్తుంది. ముళ్లపొదకు ఇందులో చెప్పుకోదగిన పాత్ర లేదు. దక్షిణాదికి నల్ల కుంకుమ ముఖ్యంగా నీలగిరి, పళని కొండలనుంచి గాలివానలతో వస్తుందని తరువాతివారు తేల్చారు. కనుక తెలంగాణలో కొద్దో గొప్పో గోధుమ వేసే సోదరులు తెగులు తట్టుకొనే వంగడం వేసుకోవాలి గాని, ఎక్కడో హిమాలయాలలో ఉన్న పొదను తిట్టి లాభం లేదు. పరదేశపు సలహాను మన నేల మీద పరీక్షించకుండా తలకెత్తుకోరాదని మెహతాగారి పని మనకు నేర్పుతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ పొదకు తెగులు భయం లేదు, చలి భయం లేదు, మేక భయం లేదు. దానికి ఉన్న ఒకే ఒక భయం గునపం.

లెక్క చూడండి. పండు కోస్తే పొదకు నష్టం లేదు. మరుసటి ఏడు మళ్లీ కాస్తుంది. కొమ్మ కొట్టి దడి పెడితే నష్టం లేదు. మోడునుంచి చిగురు వేస్తుంది. కాని మందుకోసం, రంగుకోసం వేరు త్రవ్వితే? పొదే పోయింది. దానితో పండు పోయింది, కంచె పోయింది, గట్టు మట్టి కూడా పోయింది. ఇంటి అవసరానికి ఒక పొద వేరు తీసుకొన్న రోజులలో అడవి తట్టుకున్నది. బస్తాలలెక్కన లారీలకెక్కించే రోజులలో తట్టుకోలేదు. త్రవ్వే కూలివాడికి దక్కేది ఆ పూట కూలి మాత్రమే. వచ్చే ఏటికి అతడు ఇంకా ఎత్తుకు, ఇంకా దూరానికి ఎక్కాలి.

దీనికి మార్గం లేకపోలేదు. బెర్బెరిన్ వేరులో ఎక్కువ, నిజమే. కాని కాండంలో కూడా ఉన్నది. నేలమట్టానికి కొంత పైన కాండం కోసుకొని, మోడును వదలివేస్తే అది మళ్లీ పెరుగుతుంది. కొంత తక్కువ సరకు వచ్చినా ఏండ్ల తరబడి వస్తుంది. విత్తనంతోనూ, కొమ్మ కత్తిరింపులతోనూ మొక్కలు పెంచి గట్ల మీద నాటుకోవచ్చు. పాలిచ్చే గేదెను కోతకు అమ్ముకునే రైతు ఉండడు గదా! వేరు త్రవ్వడం అటువంటి పనే.

ఇది కొండవారికి చెప్పవలసిన నీతి, మనకెందుకు అంటారా? నల్లమలలో, రాయలసీమ కొండలలో నన్నారి కొమ్ములు త్రవ్వేవారిని అడగండి. ఎండాకాలంలో మనం త్రాగే నన్నారి షర్బతు ఆ వేళ్లదే. ఒకప్పుడు ఊరి ప్రక్క గుట్ట మీద దొరికినది ఇప్పుడు రోజంతా తిరిగినా బుట్టెడు దొరకదని మా మండలంలో త్రవ్వేవారే నాతో చెప్పారు. అక్కడ కిల్మోడా, ఇక్కడ నన్నారి. కథ ఒక్కటే. కాబట్టి త్రవ్వినచోట ఒక వేరుపాయ వదలండి, విత్తనం పడేదాకా ఆగండి, వీలైతే పెరటిలో పెంచండి.

కిల్మోడాను తెచ్చి మన పొలంలో నాటమని నేను చెప్పడం లేదు. అది చలి మొక్క, మన ఎండకు నిలువదు. అది చేసే పనిని మన గట్టు మీద చేయగల మొక్క మనకే ఉన్నది. వాక పొద. ముల్లు ఉన్నది, కరువుకు తట్టుకుంటుంది, కాయ పప్పులోకీ పచ్చడిలోకీ వస్తుంది. తొలకరిలో గట్టు పొడవునా నాటితే కొద్ది ఏండ్లలో కంచె అవుతుంది. కొండవాడు కిల్మోడాను చూచుకున్నట్లు మనం వాకను చూచుకుంటే చాలు.

చివరిగా నాలుగు మాటలు గుర్తుంచుకోండి. మాను పసుపును పసిబిడ్డలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవ్వరాదు. పుట్టిన బిడ్డ పచ్చబడితే ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకుపోవాలి. మూలిక కొనేటప్పుడు అది ఏ మొక్కదో అడిగి, అవసరమైనంతే కొనాలి. అడవినుంచి తీసుకునేటప్పుడు పండుకు, కొమ్మకు చేయి చాచాలి గాని వేరుకు చాచరాదు.

మా పెద్దాయన పొట్లం ఇంకా నా బల్ల సొరుగులో ఉన్నది. మొన్న కనబడి, “బాబూ, నా కర్ర ఇవ్వవా?” అని నవ్వుతూ అడిగాడు. “మనమరాలు బడికి పోయేనాడు ఇస్తాను పెద్దాయనా, పలక మీద ఆ పేరు వ్రాయించి” అన్నాను.